తలుపు తీసినవాడి సంతకం

పద్నాలుగో భాగం

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను.

పదేళ్ల కిందట మా కామెన్ బ్రోడ్ పైనున్న అడవిలో పందుల వేట జరిగిన రోజున, ఫారెస్టు గార్డు రాంగెల్ పాషోవ్ తూటా తగిలి చచ్చిపోయాడు. గుంపుగా వేటకి వెళ్లే ప్రతివాడూ తుపాకి భుజానికెత్తుకునే ముందు, జాబితాలో తాను మాటు వేసే చోటికిచ్చిన కాపు నంబరు ఎదుట మూడు పేర్లూ, అంటే తనదీ తండ్రిదీ ఇంటిదీ, సొంత దస్తూరీతో రాసి సంతకం పెట్టాలి. పోలీసులకి అందిన నకలులో పదకొండు కాపులకి పది పేర్లే ఉన్నాయి. ఏడో నంబరు ఖాళీ. తూటా వచ్చింది ఆ ఏడో నంబరు వైపు నుంచే. కేసు 'గుర్తుతెలియని వ్యక్తి' మీద రాసుకుని మూలన పడేశారు.

నిన్న ఉదయం పదకొండూ పదికి, ప్రాసిక్యూటరమ్మ పిలిస్తే వెళ్లి, వేట బంగళాలో ఇనప బీరువా తాళం నేను తీశాను. అసలు జాబితా అందులో దొరికింది. ఏడో నంబరు ఎదుట ఉన్న పేరు ఒగ్న్యాన్ పెత్కోవ్ సరాఫ్‌స్కి. అప్పుడాయన మా జిల్లా గవర్నరు. ఇప్పుడు దేశాధ్యక్షుడు.

ఆ కుర్చీలో ఉన్నంతకాలం ఆయన్ని ఏ కోర్టూ బోనెక్కించడానికి లేదు. కుర్చీ ఇంకా రెండేళ్లు ఆయనదే. ఇక్కడ చూస్తే ఇంకో పద్దెనిమిది రోజుల్లో, కేసు నడపడానికున్న పదేళ్ల గడువు తీరిపోతుంది. తీరిందా, ఇక ఎవరినీ ఏమీ అడగడానికి లేదు. పైగా ముందస్తు వారంటు లేకుండా హడావిడిగా చేసిన సోదా గనక, ఇరవై నాలుగ్గంటల్లోపు జడ్జి దాన్ని ఒప్పుకుంటూ సంతకం చెయ్యాలి. అంటే ఈరోజు పదకొండూ పది లోపల. లేకపోతే ఆ జాబితా పొయ్యి రాజేసుకోవడానికి పనికొస్తుంది.

సోదాకి బయటివాళ్లు ఇద్దరు సాక్షులుగా ఉండాలి. ఒకామె బస్సు కోసం నిలబడ్డ నర్సు. రెండోవాణ్ని నేను. తాళం తీసిన చేత్తోనే సంతకం పెట్టాను.

*

నా కొట్టు నేల కింద గదిలో ఉంది. కిటికీ వీధిలో నడిచేవాళ్ల మోకాలి ఎత్తున ఉంటుంది. తాళంచెవి కావాలంటే ఎంత పెద్దమనిషైనా నా ముందు వంగాల్సిందే. ఏడో తరగతిలో బడి మానేసి, ముప్పై ఎనిమిదేళ్లుగా ఆకురాయి పట్టుకున్నందుకు ఈ ఊళ్లో నాకు దక్కిన మర్యాద అదొక్కటే.

పొద్దున ఎనిమిదింటికి ముందు బూట్లు కనిపించాయి. వీధంతా కరిగిన మంచు బురదగా ఉంది. ఆ బూట్ల మీద మాత్రం మరకలేదు. కారు దిగి నాలుగడుగులు వేసిన బూట్లు. తర్వాత పొడుగు కోటు అంచు, ఆ తర్వాత మెల్లగా వంగుతూ నెరిసిన గడ్డం దిగాయి. హ్రిస్టోఫర్ బెల్చెవ్. అధ్యక్షుడి వకీలు. టీవీలో చూసిన ముఖమే, కాస్త ముసలిదిగా ఉంది.

"పనులెలా ఉన్నాయి మేస్త్రీ?" అన్నాడు. మా పై లోయ యాస. ఆయనదీ ఇక్కడేనని అప్పుడే తెలిసింది నాకు.

"వంగినవాళ్లని బట్టి ఉంటాయండీ."

ఆయన నవ్వి, కిటికీలోంచి ఓ పాత తాళంకప్ప చాపాడు. "దీని చెవి పోయింది."

తిప్పి చూశాను. "పోలేదు. రంధ్రంలో నూనె ఇంకా ఆరలేదు. చెవి మీ జేబులో ఉంటుంది, చూసుకోండి."

"ఉత్తచేతులతో వస్తే బెదిరించడానికొచ్చాడంటారు, నిండుచేతులతో వస్తే లంచమంటారు. తాళమైతే మధ్యస్తంగా ఉంటుందని తెచ్చాను." ఆయన మోకాళ్లు పట్టేసినట్టున్నాయి. ఓ చెయ్యి గోడకి ఆనించుకున్నాడు. "లోపలికి రమ్మంటారా?"

"లోపల ఒకే స్టూలు. దాని మీద నేనున్నాను."

ఆయన కోటు లోపలి జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, బల్ల మీద విప్పి పెట్టాడు. వానకి తడిసి ఎండి ఉబ్బిన కాగితం. నాలుగు మూలలా జిగురు పొక్కులు. నల్ల గీతల చట్రంలో రాంగెల్ ఫొటో. 'మా మధ్య లేక తొమ్మిదేళ్లు.' ఏటేటా జ్లాట్కా ఊరంతా స్తంభాలకీ తలుపులకీ అతికించే సంస్మరణ కాగితం. అడుగున చిన్న అక్షరాలు: దుఃఖంలో, భార్య జ్లాట్కా, కూతురు నేవెనా, కూమ్ స్పాస్ వ్రాంచెవ్. అంటే నేను.

"కోర్టు ఎదురుగా ఉన్న దీపస్తంభం మీద దొరికింది," అన్నాడు బెల్చెవ్. "మీ ప్రాసిక్యూటరమ్మ రోజూ దాని పక్కనే కారు పెడుతుంది. ఎవరూ పాత కాగితాలు చదవరు మేస్త్రీ. రాజధాని నుంచి వచ్చినవాళ్లు అసలే చదవరు."

పెళ్లిలో పెళ్లికొడుకు వెనక నిలబడి, తల మీద కిరీటం పట్టుకునేవాణ్ని కూమ్ అంటాం. ఆ పూట నుంచి రెండిళ్లూ ఒక ఇల్లు. ఆ రెండిళ్ల మధ్య మూడు తరాలు పిల్లనిచ్చి పుచ్చుకోవడం కూడా ఉండదు, అన్నాచెల్లెళ్ల కింద లెక్క. నా సొంత తమ్ముడు నా ముఖం చూసి పదకొండేళ్లయింది. జ్లాట్కా మాత్రం ఈనాటికీ నన్ను పేరు పెట్టి పిలవదు, 'కూమ్' అనే పిలుస్తుంది.

"నిన్న మీకు ఫారం ఇచ్చారు కదా," అన్నాడాయన.

"ఇచ్చారు. హతుడితో రక్తసంబంధం ఉందా, పెళ్లివల్ల వచ్చిన సంబంధం ఉందా అని అడిగారు. రెంటికీ లేదని రాశాను. అబద్ధమా?"

"కాదు. కానీ సాక్షి ఎటువైపూ మొగ్గనివాడై ఉండాలని పక్క పేజీలో ఉంది. మీరు మొగ్గలేదని మీ ఊళ్లో ఒక్కడు చెప్పగలడా? ఒక సాక్షి పోతే సోదా పోతుంది. సోదా పోతే జాబితా పోతుంది." ఇంకో కాగితం తీశాడు. టైపు చేసింది, అరపేజీ. "మీరే తప్పుకోండి. హతుడికి కూమ్‌ని, నిన్న చెప్పడం మరిచాను, సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. అంతే. ఎవరూ మిమ్మల్ని బోనులో నిలబెట్టరు, ఎవరూ దబాయించరు. మీరు జడ్జి ముందు అబద్ధమాడి, ఈ వయసులో జైలుకెళ్లడం నాకిష్టం లేదు."

"మీకు నా మీద ఇంత ప్రేమ ఎప్పట్నుంచి?"

"నాకు చిల్లర గొడవలంటే విసుగు. అంతే."

ఆకురాయి పక్కన పెట్టాను. "ఒకటి అడుగుతాను వకీలుగారూ. నేను చదువుకోలేదు, తప్పయితే దిద్దండి. కుర్చీలో ఉన్నంతకాలం ఆయన్ని ఎవరూ ముట్టుకోకూడదని పై కోర్టులో వాదించింది మీరేనా?"

"నేనే."

"ఆ కుర్చీ కాలంలో కూడా పదేళ్ల గడువు నడుస్తూనే ఉంటుందని వాదించింది?"

"అదీ నేనే."

"అంటే మా చేతులు కట్టెయ్యాలి, గడియారం మాత్రం తిరగాలి."

"చేతులు కట్టమని రాజ్యాంగంలో రాసుంది. గడియారం ఆపమని ఎక్కడా రాయలేదు." ఆయన గొంతులో ఎగతాళి లేదు. లెక్క చెప్పే మాస్టారిలా చెప్పాడు. "రాయాల్సిందేమో. రాయలేదు. రాయనిది నేను చదవలేను మేస్త్రీ."

పెన్ను కూడా తెచ్చాడాయన. మంచి పెన్ను, బరువుగా ఉంది. చేతిలో తిప్పి చూసి తిరిగిచ్చాను.

"సంతకం పెట్టిన చెయ్యి నాది. వెనక్కి తీసుకోవడానికి అది తాళంచెవి కాదు."

"అలాగైతే నేను జడ్జి ముందు అభ్యంతరం చెప్పాల్సి వస్తుంది."

"చెప్పండి. మీ పనే కదా అది. నాకైతే వంగి అడిగినవాళ్లకి చెవులు చేసివ్వడమే తెలుసు."

ఆయన గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్లు టకటకమన్నాయి. తాళంకప్ప నా బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

*

పదిన్నరకి కోర్టు వరండాలో ప్రాసిక్యూటర్ యుస్తినా కాలెవా గోడకానుకుని, కాగితంలో చుట్టిన బనిత్సా తింటోంది. జున్ను రొట్టె పొరలు ఆమె నల్లగౌను మీద రాలుతున్నాయి. రాత్రంతా నిద్రపోయినట్టు లేదు.

పొద్దున వకీలు వచ్చిన సంగతి, నేను రాంగెల్‌కి కూమ్‌నన్న సంగతి చెప్పడం మొదలుపెట్టాను. సగం దాకా నములుతూ విన్నది. తర్వాత నమలడం ఆగిపోయింది.

"నిన్న చెప్పలేదేం?"

"మీరడగలేదు."

"ఫారంలో లేదు."

"ఆ ఫారం రాసినవాడికి పెళ్లయి ఉండదు."

ఆమె నవ్వలేదు. "స్పాస్‌గారూ, ఆ రోడ్డు మీద ఇంకో పదిమంది ఉన్నారు. కావలసినవాణ్ని అని ఒక్కమాట అనుంటే, వాళ్లలో ఎవరినో పిలుచుకునేదాన్ని. మీచేత తాళం మాత్రం తీయించి, బయట నిలబెట్టేదాన్ని."

"తెలుసు."

"తెలిసీ?"

"తెలిసే చెప్పలేదు. నన్ను బయట నిలబెడతారని."

చెప్పాక తెలిసింది, ఆ మాట పొద్దుటి నుంచీ గొంతులోనే ఉందని. పదేళ్లు ఆ బంగళా గేటు ముందు నుంచి మోపెడ్ మీద వెళ్లాను. పదేళ్లలో మొదటిసారి నన్ను లోపలికి పిలిచారు. ఆ బీరువా తలుపు తెరుచుకునేటప్పుడు పక్కన నేనుండాలనుకున్నాను. సాక్షిగా, మనిషిగా. కూలివాడిగా కాదు. ఆ ఆశ ఒక్కదాని కోసం రాంగెల్‌ని రెండోసారి చంపుతున్నానేమో.

కాలెవా మిగిలిన బనిత్సాని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. వేళ్లు తుడుచుకుంది. అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"జడ్జి అడిగితే ఏం చెబుదామని?"

"బంధువుని కాదని. చట్టం ప్రకారం కాదు కదా."

"ఆ మాటనకండి. అంటే బెల్చెవ్ ఆ గోడకాగితం తీస్తాడు. సంతకం ఒక్కటే కాదు, మీ నోటి నుంచి వచ్చిన ప్రతిదీ చెడిపోతుంది. నాదీ చెడిపోతుంది. నిజం చెప్పండి."

"చెబితే?"

"అప్పుడు ఆయన లేచి అభ్యంతరం చెప్పాలి. ఇంతవరకూ ఆయన ఈ కేసులో ఎవరి తరఫునా నోరు విప్పలేదు. విప్పనివ్వండి. నాకింకేం మిగల్లేదు." తలుపు వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది: "మీమీద నాకు కోపంగా ఉంది. తర్వాత తీరిగ్గా కోప్పడతాను."

*

జడ్జి ద్రాగోస్తిన్ వెనెవ్ వసంతంలో రిటైరవుతాడు. గదిలో హీటరు సరిగ్గా పనిచెయ్యదు గనక గౌను కింద ఉన్ని స్వెట్టరు వేసుకున్నాడు. బల్లకి ఓ పక్క కాలెవా, ఇంకో పక్క బెల్చెవ్, మూలన టైపు చేసే అమ్మాయి. గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. నన్ను కూర్చోమన్నారు. నిలబడే ఉన్నాను.

"హతుడికి మీరు బంధువా?" అన్నాడు జడ్జి.

"కూమ్‌నండి. రక్తం లేదు, పెళ్లిసంబంధం లేదు. వాడి పెళ్లిలో కిరీటం పట్టుకున్నాను, వాడి కూతురికి పేరు పెట్టాను. మీ ఫారంలో దానికి గడి లేదు."

టైపు చప్పుడు ఆగింది. జడ్జి ఆ అమ్మాయి వైపు తల తిప్పాడు. "రాయమ్మా. గడి లేదన్నది కూడా రాయి."

బెల్చెవ్ లేచాడు. మంచి వక్త, ఒప్పుకోవాలి. చట్టపు పుస్తకంలో కూమ్ అనే మాట లేదన్నాడు. అయినా ఈ లోయలో ఏ చర్చిలో అడిగినా, ఏ ఇంట్లో అడిగినా కూమ్ అంటే నెత్తురు కంటే దగ్గరన్నాడు. చట్టం రాసినవాళ్ల మనసులో ఉన్నది గ్రహించాలన్నాడు. రాయనిది చదవలేనన్న మనిషి, మూడు గంటలైనా తిరక్కుండా, రాయనిది చదవమని జడ్జిని అడుగుతున్నాడు. నేను కాలెవా వైపు చూశాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"బాగుంది," అన్నాడు జడ్జి. "ఇది ఎవరి అభ్యంతరం?"

"నాది."

"మీరు వకీలు. ఎవరి తరఫున? బంగళా ప్రభుత్వానిది. ప్రభుత్వం నన్నేమీ అడగలేదు. ఇక నిందితుడంటారా, ఈ ఫైల్లో ఉన్నది గుర్తుతెలియని వ్యక్తి. గుర్తుతెలియని వ్యక్తికి వకీలుండడం నా సర్వీసులో చూడలేదు."

బెల్చెవ్ ఈ ప్రశ్న కోసమే వచ్చినట్టు సంచీలోంచి ఓ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. నోటరీ ముద్ర ఇంకా తళతళలాడుతోంది. "వకాల్తా. నిన్న రాత్రే నోటరీ అధ్యక్షభవనానికి వెళ్లి తీసుకున్నది. నేను ఒగ్న్యాన్ సరాఫ్‌స్కిగారి తరఫున మాట్లాడుతున్నాను. ఆ జాబితా వల్ల ఆయన హక్కులకి భంగం కలుగుతుంది." ఆగి, అదే గొంతుతో, "అధ్యక్షుడి పేరు ఫైల్లోకి వచ్చింది గనక ఇది ఇక జిల్లా కోర్టుది కాదు. ఈ మేడమ్‌దీ కాదు. రాజధానికి పంపాలి. నియమం తమకి తెలుసు," అన్నాడు.

కాలెవా ముఖంలో రంగు దిగిపోయింది. ఇన్నాళ్లూ ఆమె 'గుర్తుతెలియని వ్యక్తి' అన్న రెండు మాటల చాటునే పని చేసుకొచ్చింది. ఆ పేరు ఎక్కడా రాయకుండా జాగ్రత్తపడింది. రాసిన రోజున ఫైలు చెయ్యి జారిపోతుందని. ఇప్పుడు అవతలి మనిషే ఆ పేరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాజధానిలో ఓ బల్ల మీంచి ఇంకో బల్లకి వెళ్లడానికే పద్దెనిమిది రోజులు చాలవు.

జడ్జి వకాల్తా మీద దాఖలు ముద్ర వేసి, నంబరు రాశాడు. తర్వాత కాలెవా ఫైల్లోంచి ప్లాస్టిక్ సంచీలో ఉన్న జాబితా బయటికి తీసి, రెంటినీ పక్కపక్కన పెట్టాడు. అలా పెట్టి, తొందరపడకుండా చూస్తూ కూర్చున్నాడు.

నేను నిలబడే ఉన్నాను గనక నాకూ కనిపించింది. అధ్యక్షుడు శాసనాల కింద చేసే సంతకం పిల్లి గోటిగీత. అందులో ఒక్క అక్షరం దొరకదు. చేతిరాత నమూనా ఇమ్మని అడిగే అధికారం కాలెవాకి లేదు. కానీ మా దేశంలో నోటరీ ముందు కూర్చుంటే ఎంతటివాడైనా మూడు పేర్లూ సొంత చేత్తో పూర్తిగా రాయాల్సిందే. చిన్నప్పట్నుంచీ అలవాటైన పని, ఎవరూ ఆలోచించరు. ఆయనా ఆలోచించి ఉండడు. తండ్రి పేరు మొదటి అక్షరం నెత్తిన గీత, కుడివైపు తోకలా తిరిగి కిందికి దిగింది. పదేళ్ల నాటి దాంట్లోనూ అంతే. నిన్న రాత్రి దాంట్లోనూ అంతే.

బెల్చెవ్ ఆ జాబితాని చూడడం అదే మొదటిసారి. వంగి చూశాడు. నా కిటికీ ముందు వంగినంత సేపు వంగే ఉన్నాడు.

"ఈ వకాల్తా వెనక్కి తీసుకుని వేరేది ఇవ్వడానికి అనుమతిస్తారా?" అన్నాడు. గొంతు మారలేదు. మాటకి ముందు చిన్న ఖాళీ వచ్చింది, అంతే.

"నంబరు పడింది వకీలుగారూ."

"నా కళ్లకి ఏదో పోలిక కనబడినంత మాత్రాన..."

"నా కళ్లూ నిపుణుడి కళ్లు కావు. నేనేమీ అనలేదు." జడ్జి టైపు అమ్మాయికి చెప్పాడు: "రాయమ్మా. అభ్యంతరం చెప్పినవారు, ఒగ్న్యాన్ పెత్కోవ్ సరాఫ్‌స్కి. ఈ జాబితాకి సంబంధించిన వ్యక్తినని తానే తెలియజేశారు."

గడియారం పదకొండూ రెండు.

"ఫైలు రాజధానికి వెళ్తుంది," అన్నాడు జడ్జి. "బెల్చెవ్‌గారు చెప్పింది నియమమే. కానీ నిన్నటి సోదా మంచిదా చెడ్డదా అన్నది పదకొండూ పది దాకా నా పని. ఈయన కూమ్ అవునా కాదా అన్నది నాకు పెద్ద విషయం కాదు. ఒక్కటి తెలియాలి." కళ్లజోడు తీసి నా వైపు తిరిగాడు. "నిన్న ప్రాసిక్యూటర్‌గారు, నువ్వు కావలసినవాడివి, తప్పుకో, వేరేవాణ్ని పిలుస్తాను అనుంటే, తప్పుకునేవారా?"

'తప్పుకునేవాణ్నండీ' అంటే చాలు. ఒక్క మాట. అది అబద్ధమనడానికి సాక్ష్యం ఎక్కడా ఉండదు. ఏ స్తంభం మీదా దాన్ని అతికించి ఉండరు. కాలెవా వైపు చూశాను. ఆమె కళ్లు నన్ను ఏదీ అడగడం లేదు. అడిగి ఉంటే ఆ మాట అనేసేవాణ్నేమో.

"తప్పుకునేవాణ్ని కాదండి," అన్నాను. "గెంటేసినా తలుపు దగ్గర నిలబడేవాణ్ని. వాణ్ని ఎవరు చంపారో నాకు తెలియాలి. ఎటూ మొగ్గనివాణ్ని కాదు నేను. కానీ ఆ బీరువాలో ఉన్నది నేను పెట్టింది కాదు. నేను తలుపే తీశాను."

బెల్చెవ్ మెల్లగా కూర్చున్నాడు. గెలిచినవాడి ముఖం కాదు, ఓడినవాడి ముఖమూ కాదు.

జడ్జి కళ్లజోడు పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం రాస్తూనే పైకి చదివాడు: చట్టంలో కూమ్ అన్న బంధుత్వం లేదు, చెల్లని సంబంధం వల్ల సోదా చెల్లకుండా పోదు, కాబట్టి ఒప్పుకోవడమైనది. ముద్ర పడింది. పదకొండూ ఏడు.

ఇక కూర్చోవచ్చనుకుని కుర్చీ అంచు పట్టుకున్నాను.

కానీ ఆయన పెన్ను ఆగలేదు. ఇంకో మూడు వాక్యాలు రాశాడు. వాటిని పైకి చదవలేదు. సంతకం చేసి, కాగితం తిప్పి కాలెవా వైపు జరిపాడు. ఆమె ఒకసారి చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. జడ్జి ముఖంలోకి చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె లేచి నా దగ్గరికొచ్చింది. వరండాలో దాచుకున్న కోపం ఆ ముఖంలో ఎక్కడా లేదు. అందుకే నాకు భయమేసింది.

"కొట్టు తాళాలు ఎవరికైనా అప్పజెప్పాలంటే ఇప్పుడే ఫోన్ చేసుకోండి స్పాస్‌గారూ," అంది. "ఈ ఫైలుతో పాటు మీరూ వెళ్తున్నారు. సాక్షిగా మాత్రం కాదు."